చెన్నమ్మ నోటి వాంగ్మూలం

మంత్రశాఖను ఎత్తేస్తున్నారట. కర్నూలు నుంచి వచ్చిన ప్రతివాడూ ఇదే కబురు మోసుకొస్తున్నాడు. దొరలు పోతూ పోతూ బల్లలూ కుర్చీలూ వదిలిపెట్టి, ఈ ఒక్క శాఖను మాత్రం మూసేసి పోతున్నారట. మా బండలపల్లెలో కొందరు పెద్దమనుషులకు దీని మీద పెద్ద దిగులు పట్టుకుంది. ఇక లైసెన్సు అడిగేవాడు ఉండడు, తాడూ బొంగరం లేని ప్రతివాడూ మంత్రగాడైపోతాడు అని అరుగుల మీద కూర్చుని తలలు ఊపుతున్నారు. ఊపనీ. వాళ్లలో ఒక్కడూ ఆ కచేరీ మెట్లెక్కి చేతులు కట్టుకుని నిలబడినవాడు కాడు.

నేను నిలబడ్డాను. నా పని మీద కాదు, చెన్నమ్మక్క పని మీద. ఆమె నిరుడు పోయింది. శాఖ మూతపడటం ఆమె చూడలేదు. చూసినా పెద్దగా సంతోషించేది కాదని నాకు తెలుసు. అయినా ఆమె సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే రేపు ఈ అరుగుల మీది మనుషులు చెప్పిందే నిజమైపోతుంది. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు ఖాసిం వలి. బనగానపల్లె దగ్గరి నాపరాళ్ల గనుల నుంచి నంద్యాల స్టేషనుకు రాళ్లబండి తోలేవాణ్ణి. మా ఇల్లూ చెన్నమ్మక్క ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. మా ఇంట్లో ఏం ఉడుకుతుందో ఆమెకు తెలుసు, వాళ్లింట్లో ఎవరు ఎవరిని తిడుతున్నారో మాకు తెలుసు. ఆమె నాకు అక్క అయిందంటే రక్తంతో అయింది కాదు, ఆ గోడతో అయింది.

మా ఊళ్లో అన్నీ రాళ్లే. ఇంటి గోడ నాపరాయి, కప్పు నాపరాయి, పశువుల గాడి నాపరాయి, చచ్చినవాడి తలకాడ నిలబెట్టేదీ నాపరాయే. బండ ఉన్నచోటల్లా దాని కింద తేలు ఉంటుంది. గనిలో గడ్డపారతో బండ లేపినప్పుడు మొదట చూసేది రాయి ఎట్లుందని కాదు, కింద ఎవరు కాపురం ఉన్నారని. నల్లతేలు కుడితే రాత్రంతా ఏడ్చి తెల్లారి పనికి పోవచ్చు. ఎర్రతేలు అట్లా కాదు. అది చూడటానికి ఇంతే ఉంటుంది గానీ పసిబిడ్డను కుట్టిందంటే పొద్దు గుంకేలోపు గుంత తవ్వుకోవాల్సిందే. అందుకే మా ఊరు నీళ్లు లేకుండానైనా నాలుగు రోజులు నెట్టుకొస్తుంది గానీ తేలుమంత్రం లేకుండా ఒక్కరోజు నెట్టుకురాలేదు.

ఆ మంత్రం మారెన్న వాళ్లింటిది. మారెన్న చెన్నమ్మక్క మొగుడు. పెద్ద మనిషి, పెద్ద నవ్వు. గనిలో అందరూ కలిసి లేపే బండను తానొక్కడే లేపుతానని పందెం కాసి నడుము పట్టేసుకునేవాడు. తాతల నాటి నుంచి వాళ్లింట్లో మంత్రం తండ్రి కొడుకు చెవిలో చెబుతూ వచ్చారు. ఎవరికి తేలు కుట్టినా వేపమండ పట్టుకుని పైనుంచి కిందికి దిగదుడిచేవాడు. నొప్పి తొడ నుంచి మోకాలికి, మోకాలి నుంచి చీలమండకు దిగేది. చివరికి మండను ఒక రాతి మీద విదిలించేవాడు. ఆ రాయి కాసేపు వెచ్చగా ఉండేది. నేను చెయ్యి పెట్టి చూశాను, కట్టుకథ చెప్పడం లేదు. మంత్రం వేసిన రోజు ఆ ఇంట మజ్జిగ కూడా తాగేవాడు కాదు.

అప్పటికే సర్కారు మంత్రశాఖ పెట్టి చాలా కాలమైంది. ఏ మంత్రమైనా లైసెన్సు లేకుండా వెయ్యకూడదు. వేస్తే కచేరీకి పిలిపించి, ఉప్పు నింపిన కుండ ముందర పెట్టి, అందులోకి ఆ మంత్రాన్ని గుసగుసగా చెప్పిస్తారు. చెప్పడం అయిన మరుక్షణం మంత్రం మనిషిలోంచి పోయి ఉప్పులో ఉండిపోతుంది. కుండకు మూత పెట్టి లక్క వేసి గోదాములో పెడతారు. పత్తికొండ వైపు ఒక ముసలాయన ఉండేవాడు. చేని మీద పిట్ట వాలకుండా కట్టు కట్టేవాడు. కుండలోకి చెప్పి వచ్చిన తర్వాత బతికినన్నాళ్లూ చేని గట్టున కూర్చుని చేతులతో పిట్టలను తోలుకున్నాడు.

మారెన్నకు ఇట్లాంటి భయాలేమీ లేవు. అందరికంటే ముందు పోయి లైసెన్సు తెచ్చుకున్నాడు. రాగిబిళ్ల మెడలో వేసుకుని పెళ్లికొడుకులా ఊరంతా తిరిగాడు. ఆ బిళ్లే కొంప ముంచింది. మొదటి పెద్ద యుద్ధం వచ్చింది. ఎక్కడో ఇసుకదేశంలో సర్కారు పటాలాన్ని శత్రువుల కంటే తేళ్లు ఎక్కువ బాధపెడుతున్నాయట. తేలుమంత్రం ఎవరెవరికి వచ్చో శాఖకు ఊరూ పేరూ సహా తెలుసు. బస్రాకు బయలుదేరమని మారెన్నకు తాకీదు వచ్చింది. లైసెన్సు లేనివాళ్లు హాయిగా ఇంట్లో పడుకున్నారు.

తాను పోతే ఊరికి మంత్రం ఉండదు. మారెన్నకు పిల్లల్లేరు. ఇట్లాంటప్పుడు మా వైపు ఒక పద్ధతి ఉంది. కొడుకు తల్లి చెవిలో చెబుతాడు, తల్లి కోడలి చెవిలో చెబుతుంది. మొగుడు పెళ్లానికి నేరుగా చెప్పడు. ఎందుకంటే మంత్రం మొదలుపెట్టేటప్పుడు తమకు చెప్పినవాడి పేరు తలవాలి, పెళ్లాం మొగుడి పేరు ఎత్తకూడదు. ఎత్తితే వాడి ఆయుష్షు తగ్గుతుంది. ఇది మీకు కొత్త సంగతి కాదు. మా అబీదా బీ కూడా నన్ను 'నబీసా అబ్బా' అంటుందే గానీ ఇన్నేండ్లలో ఒక్కసారి నా పేరు పలికిన పాపాన పోలేదు. కానీ మారెన్న తల్లికి బ్రహ్మచెవుడు. గట్టిగా అరిచినా వినపడని మనిషి చెవిలో గుసగుస ఎట్లా చెబుతారు?

ఇంకెవరైనా అయితే ఏ అక్కనో చెల్లెలినో వెతికి ఆమె ద్వారా చెప్పించేవాడు. మారెన్నకు అంత ఓపిక ఎక్కడిది? బావి గట్టు మీద తెల్లవారుజామున పెళ్లాన్ని నిలబెట్టి నేరుగా చెప్పేశాడు. పేరు వచ్చిన చోట ఏం చెయ్యాలని ఆమె అడిగిందట.

"తాళిబొట్టు పంటి కింద పట్టుకో. నేను కట్టిందే గదా, దానికి నా పేరు తెల్సులే" అన్నాడట.

నవ్వుకుంటూ అన్నాడట. అతను చేసిన తప్పల్లా అదే. ఆ తప్పు విలువ అప్పుడు ఎవరికీ తెలియలేదు.

మారెన్న పోయాడు. చెన్నమ్మక్క తాళి పంట పట్టుకుని పెదవులు కదిపి వేపమండ దించితే విషం దిగింది. ఆమె మంత్రానికి లైసెన్సు లేదు గానీ అప్పట్లో ఆడవాళ్ల మంత్రాలను శాఖ పట్టించుకునేది కాదు. ఆడవాళ్లకు మంత్రాలేమిటి అనుకుని ఉంటారు, లేదా వాళ్లిళ్లల్లో కూడా ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు.

యుద్ధం ముగిసింది. పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు, కొందరి చావు కబుర్లు వచ్చాయి. మారెన్నా రాలేదు, కబురూ రాలేదు. ఎవరో పటాలం మనిషి బస్రాలో చూశానన్నాడు. తర్వాత ఆ మాటా లేదు. శాఖను అడిగితే 'డ్యూటీలో ఉన్నాడు' అని జవాబు. ఏ డ్యూటీ, ఎక్కడ డ్యూటీ అంటే వాళ్లకూ తెలియదు. కనపడటం లేదని రాస్తే ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. డ్యూటీలో ఉన్నాడని రాస్తే ఎవరూ తీసుకోనక్కర్లేదు.

ఏండ్లు గడిచాయి. చెన్నమ్మక్క గాజులు తీయలేదు, బొట్టు తీయలేదు. అత్తకు పెట్టి తాను తిని, గనిలో చిప్పరాళ్లు ఏరి, పిలిస్తే మంత్రానికి పోయేది. మొగుడి ఊసు వస్తే 'ఆయప్ప' అనేది, అంతే. ఊళ్లో మారెమ్మ జాతర జరిగితే 'ఆ జాతర' అనేది. ఊరివాళ్లు ఆమె ఎదుట ఏమీ అనకపోయినా వెనకాల మారెన్న ఎప్పుడో పోయి ఉంటాడనే అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను.

పది పన్నెండేండ్లకు చట్టం మారింది. ఇక ఆడవాళ్లు కూడా లైసెన్సు తీసుకోవాలి. తీసుకోవాలంటే మంత్రాల డిప్టీ ముందర నిలబడి నోటి వాంగ్మూలం ఇవ్వాలి. ఏ మంత్రం, ఎక్కడ వేస్తారు, ఎవరు చెప్పారు. మంత్రం నోటిది కాబట్టి దాని పుట్టుక కూడా ఆ నోటే చెప్పాలట. పక్కవాళ్లు చెబితే చెల్లదు. చెప్పినవారి పేరు చెప్పలేకపోతే అది దొంగమంత్రం కింద లెక్క, ఉప్పుకుండే గతి.

నంద్యాలకు రాళ్లు వేసుకుని పోతూ చెన్నమ్మక్కను బండిలో ఎక్కించుకున్నాను. అక్కడి కచేరీలో డిప్టీ పేరు కేశవయ్య. కడప వైపు మనిషి. అందరూ అనుకునేటట్టు రాక్షసుడేమీ కాదు. అలసిపోయిన మొహం, నెమ్మదైన మాట. పక్కన దఫేదారు రసూల్ సాహెబు, అతని పక్కన ముక్కాలిపీట మీద ఉప్పుకుండ.

"ఏం మంత్రం అమ్మా?"

"తేలుమంత్రం సామీ."

"ఎక్కడ వేస్తావు?"

"మా ఊర్లోనే. బండలపల్లె."

"నీకు చెప్పింది ఎవరు?"

చెన్నమ్మక్క తాళి తీసి పంట పట్టుకుంది.

"అట్లా కాదమ్మా, నోరు తెరిచి చెప్పాలి" అన్నాడు డిప్టీ.

"మా ఇంటాయప్ప సామీ."

"పేరు?"

ఆమె నేల చూపులు చూసింది. నాకు ఓపిక తక్కువ. "మారెన్న సార్. మీ లైసెన్సు ఉండేవాడే, మీరే తీసకపోయినారు" అన్నాను.

"నువ్వు గమ్మునుండప్పా. నీ నోటికి ఈడ పనిల్యా" అన్నాడు రసూల్ సాహెబు.

డిప్టీ కలం కింద పెట్టాడు. "అమ్మా, మా ఇంట్లోవాళ్లూ నా పేరు ఎత్తరు. నాకు తెలియని సంగతి కాదు. కానీ ఇది సర్కారు పని. ఒక్కసారి చెప్పెయ్. ఏమీ కాదు" అన్నాడు.

"నా నోట్లో మాటకు ఇసం దిగుతాదని మీరే రాసుకుంటాండారు గదా సామీ. అదే నోటితో ఆయప్ప పేరు ఎత్తితే ఏమీ కాదని ఎట్ల చెప్తారు?"

 డిప్టీ మెల్లగా అన్నాడు. "నీ నోటికి అంత బలం ఉంటే, ఇన్నేండ్లు నువ్వు పేరెత్తకుండా ఉన్నందుకు ఆయన ఈపాటికి ఇంటికి రావాల్సింది కదమ్మా."

  ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అతను వెక్కిరింపుగా అని ఉంటే తిట్టుకుని మరిచిపోయేవాణ్ణి.

"మీ ఆచారంలో పోయినవాళ్ల పేరు ఎత్తవచ్చు కదా? తగ్గడానికి ఆయుష్షే ఉండదు కాబట్టి" అన్నాడు మళ్లీ.

"పోయినాడని సర్కారు చెప్పిందా సామీ?"

డిప్టీ రసూల్ సాహెబు వైపు చూశాడు. రసూల్ సాహెబు తల అడ్డంగా ఊపాడు. డ్యూటీలో ఉన్నాడు.

డిప్టీ ఆ రోజు ఉప్పుకుండను ఆమె ముందుకు జరపలేదు. అది ఆయన మంచితనమే, ఒప్పుకుంటాను. వచ్చే మకాం దాకా గడువిచ్చాడు. కానీ గడువులో మంత్రం వెయ్యకూడదు కాబట్టి కుడిచేతి మణికట్టుకు సీసంబిళ్ల ఉన్న నల్లదారం కట్టించాడు. ఆ కట్టు కర్నూలు కచేరీలో పెద్ద మంత్రగాళ్లు వేసింది. అది ఉన్నంతకాలం ఎంత జపించినా మంత్రం పనిచెయ్యదు.

తిరిగొచ్చేటప్పుడు నేను ఊరికే ఉండలేకపోయాను. "ఒక్క పేరు అక్కా. మూడచ్చరాలు. దానికింత రామాయణమా?" అన్నాను.

ఆమె కోప్పడలేదు. కొంచెం దూరం పోయిన తర్వాత అంది. "పోయినోని పేరైతే ఎత్తచ్చు, నిజమే. నేను ఎత్తినానంటే పోయినాడని ఒప్పుకున్నట్టే గదా ఖాసీమూ. ఊరంతా ఎప్పుడో ఒప్పుకుండారు. నువ్వూ ఒప్పుకుంటివి, నాకు తెల్దనుకుంటాండావా? సర్కారు పట్టించుకోదు. అత్తకేమో చెప్పినా ఇనపడదు. ఇంగ ఆయప్ప బతికుండాడని అనుకునేదానికి ఈ బూమ్మీద నేనొక్కదాన్నే ఉండా."

నేను ఎద్దులను అదిలించాను.

ఆ చలికాలం గడిచింది. నల్లతేళ్లు కుట్టినవాళ్లు ఆమె గుమ్మం దాకా వచ్చి, మణికట్టు మీద దారం చూసి, పళ్లు బిగించుకుని తిరిగిపోయారు. కొందరు మొహం మీదే అన్నారు, లేని మొగుడి కోసం ఉన్న ఊరిని ఏడిపిస్తోందని. ఆమె తలుపు దగ్గర నిలబడి అన్నీ విని లోపలికి పోయేది.

మామిడికాయల కాలం వచ్చింది. డిప్టీ ఈసారి బనగానపల్లెలో మకాం వేశాడు. నవాబుగారి ఊరైనా మంత్రాల మీద పెత్తనం మాత్రం దొరలదే. అయినా మామిడిపండ్ల కోసమే ఆ కాలంలో ఆ ఊరు ఎంచుకున్నాడని అందరూ నవ్వుకున్నారు. చెన్నమ్మక్కకు ఇంకా పిలుపు రాలేదు. వస్తే ఏం చేస్తావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఒకరోజు పొద్దున నేను బండికి రాళ్లు ఎత్తుకుంటున్నాను. నా కూతురు నబీసా, అప్పటికి ఇంకా మాటలు సరిగా తిరగని పిల్ల, పక్కన పేర్చిన రాళ్ల సందులో వేళ్లు పెట్టి ఆడుకుంటోంది. ఒక్కసారి కెవ్వుమంది. చూస్తే చిటికెనవేలి పక్కనుంచి ఎర్రతేలు రాతి కిందికి దూరిపోతోంది.

అబీదా బీ పిల్లను ఎత్తుకుని గోడ అవతలికి పరుగెత్తింది. చెన్నమ్మక్క దారం ఉన్నదన్న సంగతే మరిచిపోయి వేపమండ విరిచింది. తాళి పంట పట్టుకుంది. పెదవులు కదిలాయి. దించింది, రాతి మీద విదిలించింది. నేను రాతి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆమె మళ్లీ దించింది. పిల్ల ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ, కాళ్లు చల్లబడుతున్నాయి. ఏడుపు కూడా ఆగిపోయింది.

నేను చెన్నమ్మక్క కాళ్ల మీద పడ్డానని మా ఊళ్లో చెప్పుకుంటారు. పడలేదు. పడేవాణ్ణే, ఆమె ఆ సందు ఇవ్వలేదు. మండ కింద పారేసి, "బండి కట్టు" అంది. నేను రాళ్లు దింపుతుంటే తానే ఎద్దులను తెచ్చి కాడి మీద పెట్టింది. దారి పొడుగునా చెన్నమ్మక్క అబీదా బీ ఒళ్లోని పిల్లను చూస్తూ కూర్చుంది.  ఎద్దులను నేను ఆ రోజు కొట్టినట్టు ఎప్పుడూ కొట్టలేదు.

బనగానపల్లె మకాం బంగళా వరండాలో డిప్టీ ఎవరిదో వాంగ్మూలం రాసుకుంటున్నాడు. పిల్లను చూసి లేచి నిలబడ్డాడు.

"సామీ, ఈ దారం తీపిచ్చండి" అంది చెన్నమ్మక్క.

"తెంచు" అన్నాడు డిప్టీ, రసూల్ సాహెబుతో. పేరు అడగలేదు. రసూల్ సాహెబు కత్తెర పెట్టాడు. నూలుపోగంత దారం, తెగలేదు. చాకు పెట్టాడు. తెగలేదు. డిప్టీ తానే చాకు లాక్కుని కోశాడు. ఆయన వేలు తెగింది గానీ దారం తెగలేదు.

"పైనుంచి వేసిన కట్టమ్మా. వాంగ్మూలానికి తప్ప దేనికీ విడదు. నా చేతిలో లేదు" అన్నాడు. 

చెన్నమ్మక్క పైట తీసి తలమీదుగా కప్పుకుంది. మొగుడు ఇంట్లోకి వస్తే ఆడవాళ్లు కప్పుకుంటారే, అట్లా. పిల్ల వైపు ఒకసారి చూసింది.

"నాకు చెప్పింది నా మొగుడు. మారెన్న."

గట్టిగానే చెప్పింది. దారం ఎవరూ ముట్టుకోకుండానే విడిపోయి కింద పడింది.

ఆమె ఆగలేదు. వరండా పక్కనున్న వేపచెట్టు కొమ్మ విరిచి పిల్ల ముందు కూర్చుంది. ఈసారి తాళి ముట్టుకోలేదు. మంత్రం మొదట్లో ఆ పేరే పలికింది, మాకందరికీ వినపడింది. తర్వాత గుసగుస. విషం భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు దిగింది. అంత తొందరగా దిగడం నేను మారెన్న చేతిలో కూడా చూడలేదు. తండ్రి కళ్లకు అట్లా అనిపించిందేమో, చెప్పలేను. వరండా మెట్టు మీద మండ విదిలించింది. నబీసా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

పిల్ల ఏడుపు సర్దుకున్నాక చెన్నమ్మక్క అదే మెట్టు మీద చేతులు కొట్టి గాజులు పగలగొట్టుకుంది. అబీదా బీ పరుగెత్తి చేతులు పట్టుకుంది. "వద్దు వదినా. నిజంగా ఏమైందో ఎవరికి తెల్సు? ఊరికే ఒక మాటంటివి" అని బతిమాలింది.

"ఊరికే అనింటే దారం ఊడుతుండెనా?" అంది చెన్నమ్మక్క.

ఇంటికి వచ్చాక ఊళ్లో రెండు జట్లయ్యాయి. పేరెత్తింది కాబట్టి ముండమోసినట్టేనని కొందరు, కబురు రాకుండా అట్లా కుదరదని కొందరు. నెలల తరబడి వాదించుకున్నారు. వాళ్లకు వేరే పని లేదు. అత్తకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. బోసిచేతులు చూసింది. కోడలి చెంప మీద కొట్టింది. "నా కొడుకును సంపేసినావు గదే" అని తన చెవులకే వినపడని గొంతుతో వీధంతా వినపడేలా అరిచింది. ఆ రోజు నుంచి కోడలి చేతి ముద్ద తినలేదు. చెన్నమ్మక్క కంచం పెట్టి బయటికి వచ్చి మా గుమ్మంలో కూర్చునేది. ఆమె కనపడకుండా పోయాకే ముసలామె తినేది.

అంత జరిగినా మంత్రానికి పిలిస్తే చెన్నమ్మక్క పోయేది. అంతకుముందు గుమ్మంలో నిలబడి తిట్టిపోయినవాళ్ల ఇంటికీ పోయింది. నేనైతే పోయేవాణ్ణి కాను.

వానలు మొదలయ్యాక రసూల్ సాహెబు లైసెన్సు తీసుకుని మా ఊరికి వచ్చాడు. చెన్నమ్మక్కకు చదువు రాదు కాబట్టి తానే చదివి వినిపించాడు. ఊరు బండలపల్లె. మంత్రం తేలుమంత్రం. చెప్పినవారు మారెన్న. ఆ తర్వాత ఆగాడు. ఆగి, అటూ ఇటూ చూసి, గబగబా చదివేశాడు.

"భర్త జీవించి ఉన్నాడు. శాఖ డ్యూటీలో."

నాకు ఒళ్లు మండిపోయింది. "బతికుండేవాని పేరు ఆమెతో ఏమిటికి చెప్పిచ్చినార్రా?" అని రసూల్ సాహెబు మీదికి పోయాను. దఫేదారు అని కూడా చూడలేదు.

"నేనేం జేసేదప్పా. కచేరీ లెక్కల్లో ఆయప్ప ఇంగా డ్యూటీలోనే ఉండాడు. సచ్చిపోయినాడని రాసేదానికి పైనుంచి హుకుం ల్యా. డిప్టీ సారు కూడా శానాసేపు కలం పట్టుకోని కూచున్యాడు" అన్నాడు అతను.

చెన్నమ్మక్క నా చెయ్యి పట్టి వెనక్కు లాగింది.

"పోనీలే ఖాసీమూ. వాళ్లకాడ బతికుండాడు. నాకాడనే సచ్చిపోయినాడు" అంది.

ఆ కాగితం తీసుకుని లోపలికి పోయింది. మూలన మంచం మీద అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపి కూర్చోబెట్టి కాగితం చూపించింది. సర్కారు ముద్ర మీద వేలు పెట్టింది. మారెన్న మెడలోని రాగిబిళ్లను సైగ చేసి చూపించింది. అతని ఎత్తు చూపించింది, అతని మీసం చూపించింది. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టి కొట్టుకుంటున్నట్టు చూపించింది. బతికున్నాడు. సర్కారే రాసి పంపించింది. ముసలామె కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా వైపు చూసింది. నేను తలూపాను.

ఆ మధ్యాహ్నం సంగటి కలిపి చెన్నమ్మక్క ముద్ద చేసి చెయ్యి చాపింది. అత్త నోరు తెరిచి తీసుకుంది. ముసలామె కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది. ముద్ద మింగి, కోడలి బోసిచేతిని పట్టుకుని కోపంగా అడిగింది.

"నా కొడుకు బతికుండంగ చేతులు ఇట్ల పెట్టుకోని తిరుగుతాండావేమే? గాజులేసుకోపో."

చెన్నమ్మక్క సరేనన్నట్టు తలూపి, ఇంకో ముద్ద కలిపి పెట్టింది.